డీజిల్ ట్యాంకులో తమరికేం పని?

మహారాజరాజశ్రీ వరుణదేవుల వారి దివ్యసముఖానికి, పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక డీజిల్ బండి యజమాని నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా,

ఈ అర్జీ ముందుగా తమరికి రాయాలనుకోలేదండి. ఆయిల్ కొట్టించుకుని బంకు దాటీ దాటగానే బండి ఎందుకు ఆగిపోయిందని బంకు కుర్రాణ్ణి అడిగితే, మేనేజరు గారిని అడగమన్నాడు. మేనేజరు గారు ఓసారి ఆకాశం వైపు చూసి "వానలు కదండీ, మేమేం చేస్తామండీ" అన్నారు. షోరూములో వారంటీ పుస్తకం తెరిచి, కలుషిత ఇంధనం వల్ల జరిగే నష్టానికి బాధ్యత లేదన్న పేజీ చూపించారు. బీమా ఆయన పేజీ కూడా చూపించలేదు, నోటితోనే చెప్పేశారు. అందరి వేలూ పైకే. ముద్దాయి పేరు ఇంత ఏకగ్రీవంగా తేలిన కేసు మా జిల్లాలో ఇంకోటి ఉండదు. అందుకే మధ్యవర్తులు లేకుండా నేరుగా తమరికే రాస్తున్నాను.

వానంటే మాకు పడదని అనుకోకండి. రోహిణి కార్తె దాటి ఆకాశం మొండికేస్తే కప్పలకు పెళ్లిళ్లు చేసేదీ, వరుణయాగానికి చందాలు పోగేసేదీ మేమే. చేలో పడండి, చెరువులో పడండి, పంచాయతీ ఆఫీసు మీద పడండి, ఎవరూ కాదనరు. అభ్యంతరమల్లా డీజిల్ ట్యాంకు దగ్గరే. అది తమరి శాఖ కాదు. డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కి, ఆ నొక్కుడుకు పుట్టిన వేడితోనే డీజిల్‌ను మండిస్తుంది. అంటే మొదటినుంచి చివరిదాకా అగ్నిదేవుల వారి పరిధి. సముద్రంలో బడబాగ్నికి నేను చోటివ్వలేదా, ట్యాంకులో నాకో మూల ఇస్తే మీ సొమ్మేం పోయిందని తమరు అడగవచ్చు. సముద్రానికి ఇంజెక్టర్లు లేవు స్వామీ.

ఆ ఇంజెక్టర్ల సంగతి కొంచెం వివరంగా మనవి చేసుకోవాలి. తమరి వాహనం మొసలి, దానికి ఎంత నీరుంటే అంత బలం. మా బండ్లకు అలా కుదరదు. వెనకటి లారీల పంపులు కాస్త మొరటువి. నీళ్లు తగిలితే తెల్లపొగ కక్కి, ముక్కి మూలిగి ఆగిపోయేవి. ఫిల్టర్ మార్చి, ఎయిర్ తీస్తే చాలాసార్లు మళ్లీ దారిన పడేవి. ఇప్పటివన్నీ కామన్ రైల్ బండ్లు, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందుతుంది. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటుంది. ఆ గొట్టంలో డీజిల్ 1,600 నుంచి 2,000 బార్ల దాకా ఒత్తిడి మీద ఉంటుంది. ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల నడుమ సందు రెండు మూడు మైక్రాన్లే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అటూ ఇటూ. ఆ సందులో జిడ్డుగా నిలబడి రాపిడి ఆపే పని కూడా డీజిల్‌దే, వేరే నూనె ఏదీ ఉండదు. అక్కడికి తమరు వేంచేశారంటే జిడ్డు పోతుంది, ఉక్కును ఉక్కు గీరుతుంది. మొన దగ్గరి వేడికి నీటిబొట్టు ఒక్కసారిగా ఆవిరై ఆ మొననే పగలగొట్టగలదు. మిగిలిన పని తుప్పు చూసుకుంటుంది. నాలుగు ఇంజెక్టర్లూ హైప్రెజర్ పంపూ మార్చాల్సి వస్తే బిల్లు లక్ష దాటడం మామూలే.

అలాగని తమరిని పూర్తిగా వెలివేశామనుకోవద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్ ప్రమాణంలో తమరికి కోటా ఉంది: కిలో డీజిల్‌కు 200 మిల్లీగ్రాములు. అంతకు మించితేనే ఆక్రమణ. తమరు బరువైన వారు కూడాను. లీటరు నీళ్లు కిలో తూగితే లీటరు డీజిల్ 830 గ్రాముల చుట్టూ తూగుతుంది. అందుకే ఎంత కొద్దిగా వచ్చినా అడుగున పీఠం వేసుకుంటారు. పీఠం వేసింది సరిగ్గా ఇంజను పీల్చుకునే చోటేనని వేరే చెప్పాలా.

తమరికి పేదా గొప్పా తేడా లేదని మాత్రం ఒప్పుకోవాలి. 2025 జూన్ నెలాఖరులో మధ్యప్రదేశ్‌లోని రత్లాం దగ్గర సాక్షాత్తూ ముఖ్యమంత్రి గారి కాన్వాయ్ బండ్లు డీజిల్ కొట్టించుకుని కొద్ది దూరం వెళ్లి వరసగా ఆగిపోయాయి. మొత్తం 19. ట్యాంకులు విప్పితే డీజిల్‌తో పాటు నీళ్లు దిగాయి. అక్కడా చెప్పిన కారణం వానే, బంకు ట్యాంకులోకి వాననీరు చేరిందని. కాకపోతే అక్కడ రాత్రికి రాత్రే అధికారులు పరుగెత్తుకొచ్చారు, బంకుకు సీలు పడింది, ఇండోర్ నుంచి వేరే బండ్లు వచ్చాయి. నా బండికి వచ్చింది తాడు. తాడు కట్టి షెడ్డుకు లాక్కెళ్లారు.

ఇక అసలు విషయం. తమరొక్కరే దోషి అంటే నేను నమ్మను. తమరు కురవగలరు గానీ, మూత తీయలేరు కదా. బంకు నేల కింద ట్యాంకుకు మ్యాన్‌హోల్ ఉంటుంది, డీజిల్ దింపే గొట్టానికి మూత ఉంటుంది, కొలత కడ్డీ దించే గొట్టానికి ఇంకో మూత ఉంటుంది. వాటి రబ్బరు వాషర్లు ఎండి పగిలినా, మూత సగం బిగించి వదిలేసినా, చుట్టూ నిలిచిన వాననీరు లోపలికి దారి చేసుకుంటుంది. ఆ సంగతి పసిగట్టడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. కడ్డీ కొనకు వాటర్ ఫైండింగ్ పేస్ట్ రాసి అడుగుదాకా దించితే, నీళ్లు తగిలినంత మేర పేస్ట్ రంగు మారిపోతుంది. వాన కురిసిన ప్రతి తెల్లవారీ ఈ పని చేసే బంకుల్లో తమరి పేరు వినపడదు. చేయని చోట, ట్యాంకర్ వచ్చి సరుకు దింపేటప్పుడు అడుగున కూర్చున్న తమరు కలిసి పైకి లేస్తారు. అదే సమయంలో గన్ను దగ్గర నిలబడ్డవాడి ట్యాంకులో ప్రత్యక్షమవుతారు. అందుకే మా డ్రైవర్లు ట్యాంకర్ దింపుతున్న బంకులో ఆయిల్ కొట్టించరు. ఈ ఇంగితం వాళ్లకు ఏ కంపెనీ నేర్పలేదు.

మా వైపు ఇంకో దొడ్డిదారి కూడా తమరికి బాగా అలవాటైంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద జనరేటర్లు, వాటి పక్కన డీజిల్ డ్రమ్ములు నిలబెట్టి ఉంటాయి. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి, ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అలాంటప్పుడు జనరేటర్ నాలుగు దగ్గులు దగ్గి ఊరుకుంటే రైతు గతి ఏమిటి? డ్రమ్ము బిరడా బిగించే ఉంది కదా అంటారు. ఉంటుంది. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బిరడా మరల సందున కొంత బయటికి పోతుంది. సాయంత్రం వాన పడి డ్రమ్ము చల్లబడగానే లోపల గాలి కుంచించుకుపోయి, పై అంచు లోపల నిలిచిన నీళ్లను అదే సందున పీల్చుకుంటుంది. రోజుకింత చొప్పున సీజనంతా. డ్రమ్మును నీడన పెట్టినా, రెండు బిరడాలూ ఒకే ఎత్తులో పక్కలకు వచ్చేలా పడుకోబెట్టినా ఈ దారి మూసుకుపోతుంది. నీటి మీద బతికే పంటను డీజిల్‌లో దూరిన నీళ్లే చంపుతున్నాయంటే, ఇందులో తమరికి ఏం గౌరవం చెప్పండి?

పైగా తమరు ఒంటరిగా రారు, ఉపకౌలుదార్లను వెంటబెట్టుకొస్తారు. డీజిల్‌కూ నీటికీ మధ్య పొరలో ఫంగస్, బ్యాక్టీరియా కాపురం పెడతాయి. డీజిల్‌నే తిని, నల్లటి జిగురు కట్టి, ఫిల్టర్లను పూడ్చేస్తాయి, ఆమ్లాలు వదిలి ట్యాంకును తినేస్తాయి. నెలల తరబడి కదలకుండా ఉన్న ట్రాక్టర్లకూ జనరేటర్లకూ ఈ పీడ ఎక్కువ.

మా మెకానిక్ గారి మాట ఏమిటంటే, తమరి రాకను కనిపెట్టే ఏర్పాటు చాలా కొత్త డీజిల్ బండ్లలో ఉందట. ఫిల్టర్ అడుగున నీళ్లు చేరితే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య కరెంటు పారుతుంది, డీజిల్‌లో పారదు. దాంతో డ్యాష్‌బోర్డు మీద ఫిల్టర్ బొమ్మ, కింద నీటి గుర్తుతో పసుపు దీపం వెలుగుతుంది. దాన్ని చూసి "ఊరు చేరాక చూద్దాం" అనేవాడే షెడ్డుకు మహారాజపోషకుడు. దీపం వెలిగితే బండి ఆపి, ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా నీళ్లు దింపెయ్యాలి. మళ్లీ మళ్లీ వెలుగుతోందంటే రోగం ట్యాంకులోనే ఉందన్నమాట, అప్పుడు ట్యాంకు దింపక తప్పదు. ఆయిల్ కొట్టించిన వెంటనే బండి తన్నుకుంటే మాత్రం సెల్ఫ్ కొట్టనే కూడదు. కొట్టిన ప్రతి సెల్ఫూ నీళ్లను పంపు దాకా, ఇంజెక్టర్ల దాకా మోసుకుపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లలో నానిన బండ్లకూ ఇదే సూత్రం. ఇక షాపుల్లో సీసాల్లో అమ్మే మందు పోస్తే నీళ్లు డీజిల్‌లో కలిసిపోతాయంటారు. కలిస్తేనే ముప్పు. విడిగా ఉన్న నీటిని ఫిల్టర్ పట్టుకుంటుంది, కలిసిన నీరు దాని కన్నుగప్పి ఇంజెక్టర్‌కే పోతుంది.

కనుక తమరితో ఉన్న పని ఇంతే. బంకులో సాంద్రత అడిగితే చూపిస్తారు గానీ, అడుగున చేరిన నీళ్లు ఆ కొలతకు దొరకవు. ఫిల్టర్ పేపర్ పరీక్షా పెట్రోలుకే. తేట గాజు సీసాలో పట్టి చూస్తే మసకో, అడుగున గీతో కనపడుతుంది. ఆ సీసా, బంకు బిల్లు, ఇద్దరు సాక్షులు, బంకులో ఫిర్యాదు పుస్తకంలో రాసిన నాలుగు వాక్యాలు: వినియోగదారుల కమిషన్ ముందు ఇవి పనికొస్తాయి. వీటికి తోడు తమరి వాంగ్మూలం ఒకటి కావాలి. "నేను కురిసిన మాట నిజం, మూత వదిలేసింది నేను కాదు" అని సంతకం చేసి, పాశం ముద్ర వేసి, వచ్చే అల్పపీడనం లోపల పంపించగలరని ప్రార్థన.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక డీజిల్ బండి యజమాని

నకళ్లు: అగ్నిదేవుల వారికి, పరిధి ఉల్లంఘన విషయం తెలియడం నిమిత్తం.
బంకు యజమానులందరికీ, రేపు పొద్దున్నే కడ్డీకి పేస్ట్ రాసి దించడం నిమిత్తం.