ఎక్స్‌ప్రెస్ ఇంజన్‌గా పేరు తెచ్చుకోవడం ఎలా?

బొమ్మ రైళ్లకు ముఖాలు తగిలిస్తే అవి చేసే మొదటి పని పక్కవాణ్ణి చిన్నచూపు చూడటం. ఈ సంగతి ఇంగ్లండ్‌లో విల్బర్ట్ ఆడ్రీ అనే చర్చి ఫాదర్‌కు బాగా తెలుసు. తట్టు పోసి మంచం పట్టిన కొడుకు క్రిస్టఫర్‌ను ఊరుకోబెట్టడానికి ఆయన అల్లిన కథలు 1945లో ‘ద త్రీ రైల్వే ఇంజిన్స్’ అనే పుస్తకమయ్యాయి. మరుసటి ఏడాది నీలిరంగు చిన్న ఇంజన్ థామస్ దిగాడు. 1972 దాకా ఆడ్రీ 26 పుస్తకాలు రాశాడు. 1984లో టీవీ సీరియల్ మొదలైంది.

పిల్లలు దీన్ని రైలాటగా చూస్తారు. పెద్దవాళ్లు నిదానించి చూస్తే ఇది అచ్చంగా ఉద్యోగపర్వం. ఎవరు ఎవరికి సలాం కొట్టాలి, ఎవరు ఏ షెడ్డులో పడుకోవాలి, ఎవరితో మాట్లాడితే పరువు పోతుంది, తన తప్పు ఎవరి నెత్తిన రుద్దాలి, అన్నీ ఇందులో ఉన్నాయి. సోడార్ అనే కల్పిత దీవిలో జరిగే ఈ వ్యవహారం నిజామాబాద్ స్టేషన్‌లోనూ, జానకంపేట దగ్గర చీలి బోధన్‌కు పోయే పట్టాల మీదా అంతే చక్కగా చెల్లుతుంది. పెద్ద ఇంజన్ కావాలన్న ఆశ ఉన్నవారు పాటించాల్సిన సూత్రాలు ఇవీ.

1. ఎంత లాగామన్నది కాదు, ఏం లాగామన్నది చెప్పుకోవాలి

దీనికి గురువు గోర్డన్ అనే పెద్ద ఇంజన్. సోడార్‌లో ఎక్స్‌ప్రెస్ బండి అతని సొత్తు. ఒకరోజు అతనికి గూడ్సు బండి తగిలించారు. కొండ ఎక్కుతూ నడిమధ్యలో ఆగిపోయి, నేరమంతా వ్యాగన్ల మీదికి తోశాడు. షెడ్డులో అందరూ పక్కన పెట్టిన ముసలి ఎడ్వర్డ్ వెనకనుంచి నెట్టి పైకి చేర్చాడు. పైకి చేరగానే గోర్డన్ అంతా తన ప్రతాపమే అనుకుని, ఒక్క మంచి మాటైనా అనకుండా అవతలి వైపు దిగిపోయాడు. సాయం చేసినవాణ్ణి ఎంత త్వరగా మరచిపోతే హోదా అంత త్వరగా స్థిరపడుతుంది.

మన రైల్వే ఇంజన్లకు ముఖాలు పెట్టలేదు, అక్షరాలు పెట్టింది. మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్లలో వైపీ ప్రయాణికులది, వైజీ సరుకులది. ఇప్పటి కరెంటు ఇంజన్లలో డబ్ల్యూఏపీ-7 చివరి పీ, డబ్ల్యూఏజీ-9 చివరి జీ చెప్పేదీ అదే. జీ తగిలిందంటే ఆరు వేల హార్స్‌పవర్ పైన ఉన్నా ప్లాట్‌ఫారం మీద ఫొటో తీసే దిక్కుండదు. తమాషా ఏమిటంటే, గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-9కే గేరు నిష్పత్తి మార్చి డబ్ల్యూఏపీ-7ను తయారు చేశారు. కాబట్టి నలుగురిలో వంశం ప్రస్తావన వచ్చినప్పుడు పీ వర్గం ఇంజన్ గట్టిగా హారన్ కొట్టి మాట మార్చాలి.

2. నుదుటి మీది అంకెను కాపాడుకోవాలి

సోడార్‌లో థామస్ ఒకటో నంబరు, అందరికంటే భారీగా కనిపించే గోర్డన్ నాలుగు. అంకెకూ బలానికీ సంబంధం లేదని పిల్లలకు అక్కడే తెలిసిపోతుంది. మన దగ్గర ఈ విద్య ఇంకా ముదిరింది. తిరుపతి నుంచి నిజామాబాద్ వచ్చే రాయలసీమ ఎక్స్‌ప్రెస్ నంబరు 12793. ముందున్న పన్నెండే దాని సూపర్‌ఫాస్ట్ గౌరవం. అజంతా, దేవగిరి పదిహేడుతో మొదలవుతాయి కనుక ఎక్స్‌ప్రెస్‌లే గానీ ఒక మెట్టు కింద.

సూపర్‌ఫాస్ట్ అనిపించుకోవాలంటే సగటున గంటకు 55 కిలోమీటర్లు నడవాలని నిబంధన. అందుకు ప్రతిఫలంగా స్లీపర్ టికెట్టు మీద 30 రూపాయలు అదనంగా పుచ్చుకోవచ్చు. ఈ రెండింట్లో రెండోదాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే సరిపోతుంది. ఉత్తర మధ్య, దక్షిణ మధ్య రైల్వేల్లో కొన్ని సూపర్‌ఫాస్ట్‌లు ఆ వేగం అందుకోని రోజుల్లోనూ చార్జీ వసూలు చేశాయనీ, ఆ మొత్తం 11.17 కోట్ల రూపాయలనీ కాగ్ 2017లో లెక్క తేల్చింది. బండి ఆలస్యమైతే నంబరు తగ్గించిన దాఖలా ఏదీ ఆ లెక్కలో లేదు.

కింది వర్గంవారు నిరాశపడనక్కర్లేదు. కరోనా తరవాత పాసింజరు బండ్లు నంబరు ముందు సున్నా పెట్టుకుని ‘స్పెషల్’ అయ్యాయి. అవే పెట్టెలు, అవే స్టేషన్లు, అదే నడక. కనీస టికెట్టు మాత్రం 10 నుంచి 30 రూపాయలైంది. 2024 ఫిబ్రవరిలో పాత చార్జీలు తిరిగొచ్చేదాకా పల్లెటూరి పాసింజర్లు కొన్నాళ్లు ఎక్స్‌ప్రెస్ దర్జా వెలగబెట్టాయి.

3. ఎదుటి బండిని లూప్ లైనులో నిలబెట్టించాలి

సింగిల్ లైను మీద పెద్దరికం తేలేది క్రాసింగ్‌లోనే. చిన్న బండి ముందే వచ్చినా సరే, పక్క లైనులోకి జరిగి పెద్ద బండికి దారి ఇవ్వాలి. నిజామాబాద్ వైపు పాసింజరులో కిటికీ పక్క సీట్లో ఇలాంటి సంభాషణలు మామూలే.

“గీడెందుకు ఆపిండ్రన్నా?”

“క్రాసింగ్ ఉన్నదక్కా. ఎక్స్‌ప్రెస్ పోవాలె.”

“మనం టికెట్ కొనలేదా ఏంది?”

“కొన్నం. వాళ్లు ఎక్కువ పెట్టి కొన్నరు.”

పల్లీల పొట్లం ఖాళీ అవుతుంది, పిల్లవాడు నిద్రపోతాడు, ఎక్స్‌ప్రెస్ దుమ్ము రేపుకుంటూ పోతుంది. ఆ వెళ్లే ఇంజన్ పక్కకు చూడకూడదు. చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే రెండో సూత్రంలోని 55 అంకె దగ్గర చిక్కు వస్తుంది.

4. రంగు చెడనివ్వకూడదు

హెన్రీ ఆకుపచ్చ రంగు, ఎర్ర చారలు ఉన్న సొగసుకాడు. వానకు రంగు పాడవుతుందని సొరంగంలోకి దూరి బయటికి రానన్నాడు. కంపెనీ పెద్దాయన బతిమాలాడు, తాళ్లతో లాగించాడు, వెనకనుంచి నెట్టించాడు. ఫలితం లేకపోయేసరికి పట్టాలు పీకించి ముందు గోడ కట్టించాడు. గోర్డన్ చెడిపోయి ఇంకొక ఇంజన్ అవసరమైన రోజు గానీ ఆ గోడ దిగలేదు. పిల్లల కథలో ఇంత శిక్షా అని తల్లిదండ్రులు ఇప్పటికీ విస్తుపోతుంటారు. శిక్ష పడింది పని ఎగ్గొట్టినందుకే తప్ప సొగసుకు కాదు. పనికి రావడం మానకుండా సొగసు పడటం ఎలాగో నేర్చుకుంటే చాలు.

ఎర్రరంగు జేమ్స్ కథ ఇంకా పాఠం చెబుతుంది. దూకుడుగా పెట్టెలను గుద్దితే బ్రేకు పైపుకు చిల్లు పడింది. చిల్లుకు వార్తాపత్రికలు చుట్టారు, కట్టడానికి ఏమీ లేక గార్డు ఒక ప్రయాణికుడి తోలు బూటు లేసు అడిగాడు. ఆయన ఇవ్వనన్నాడు. ఇవ్వకపోతే బండి కదలదన్నాక ఇచ్చాడు. మెరిసే ఎర్ర ఇంజన్, దాని వెనక పాత పేపర్లతో, ఒకరి బూటు లేసుతో కట్టిన పైపు. ఇలాంటప్పుడు ఇంజన్ ముఖం మాత్రమే ఫొటోలో పడేలా నిలబడాలి.

5. షంటింగ్ మాట వినగానే తలనొప్పి తెచ్చుకోవాలి

టెండరున్న పెద్ద ఇంజన్లు షంటింగ్ చేయవని, పెట్టెలు తమ దగ్గరికే రావాలని గోర్డన్, హెన్రీ, జేమ్స్ ఏకంగా సమ్మె కట్టారు. 1950 నాటి ‘ట్రబుల్సమ్ ఇంజిన్స్’లో కంపెనీ పెద్దాయన వాళ్లను షెడ్డులోనే పెట్టి తలుపు వేశాడు. పెర్సీ అనే కొత్త చిన్న ఇంజన్‌ను తెచ్చాడు. ఎడ్వర్డ్, థామస్, పెర్సీ ముగ్గురే రైళ్లన్నీ నడిపారు. అంటే, కులాసా జీవితం గడపాలనుకునే పెద్దవారు చిన్నవారిని ఎప్పుడూ సంఖ్యలో తక్కువగా ఉంచాలి. ఒక్కడు ఎక్కువైనా పెద్దవాళ్లు లేకుండా బండ్లు నడుస్తాయన్న సంగతి బయటపడుతుంది.

6. యజమాని పేరు మారితే విశ్వాసం మారనివ్వకూడదు

కథల్లో మొదట ఉన్నది లావుపాటి డైరెక్టరు. బ్రిటన్ రైల్వేలు 1948లో ప్రభుత్వపరమయ్యాక ఆయనే కంట్రోలరయ్యాడు. టోపీ మారలేదు, పొట్ట తగ్గలేదు. ఇందూరు నిజామాబాద్ అయినట్టే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1930లో నిజాం స్టేట్ రైల్వే అయింది, 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే కిందికి వచ్చింది. తెలివైన ఇంజన్ ఈ మూడు బోర్డులకూ ఒకే ఈలతో స్వాగతం చెప్పి ఉంటుంది.

కొత్తవారితో మాత్రం జాగ్రత్త. 1958 పుస్తకంలో డీజిల్ అనే కొత్త ఇంజన్, డక్ అనే ఇంజన్ గురించి పుకార్లు పుట్టించి షెడ్డంతా అతని మీద తిరగబడేలా చేశాడు. స్త్రీ ఇంజన్ల విషయంలో సిరీస్ చాలాకాలం మరీ పొదుపు పాటించింది. అల్బర్టా విశ్వవిద్యాలయంలో షానా విల్టన్ 2009లో 23 ఎపిసోడ్లు పరిశీలిస్తే 49 పాత్రల్లో ఆడ పాత్రలు ఎనిమిదే. థామస్ వెనక నడిచే ఆనీ, క్లారాబెల్ పెట్టెలే. భారతదేశపు ఆషిమా 2016 సినిమాలో వచ్చింది, కెన్యా ఇంజన్ నియా 2018లో షెడ్డులో చోటు సంపాదించింది. అప్పుడు అక్కడి నుంచి కదిలిన ఇద్దరిలో ఒకరు ఎడ్వర్డ్. ఇరవయ్యో శతాబ్దపు మంచివాళ్లకు ఇరవై ఒకటో శతాబ్దంలో దొరికే గౌరవం అది.

7. వ్యాగన్ల ఊసెత్తకూడదు

సోడార్ సమాజంలో అట్టడుగున ఉండేవి వ్యాగన్లు. పోకిరివి, అల్లరివి, తోసేవి, గుద్దేవి అన్న పేరు. వాటిలో నాయకత్వం వహించిన స్క్రఫీని ఒకచోట ఇంజన్ ఆలివర్ లాగుతుంటే ముక్కలైపోయింది. అప్పటినుంచి మిగతావి బుద్ధిగా ఉన్నాయని పిల్లలకు నిశ్చింతగా చెబుతుంది కథ. పిల్లలు హాయిగా నిద్రపోతారు.

నిజ జీవితంలో ఈ సూత్రం పాటించాలంటే చాలా కష్టపడాలి. భారతీయ రైల్వేల ఆదాయంలో మూడింట రెండొంతులకు దగ్గరగా సరుకు రవాణాదే. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని కొన్నాళ్లు టికెట్టు మీదే అచ్చు వేశారు. అంటే, లూప్ లైనులో నిలబడ్డ పాసింజరు టికెట్టులోనూ, దాన్ని దాటి పోయిన ఎక్స్‌ప్రెస్ టికెట్టులోనూ ఆ గూడ్సు వ్యాగన్ల చెమట కొంత కలిసే ఉంది.

ఈ మాట బోధన్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయింది, కాలువ నీళ్లు వచ్చాయి, కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి ‘క్యాంపులు’ కట్టుకున్నారు, చెరుకు వేశారు. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. చెరుకు నరికాక ఆలస్యం చేస్తే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకని సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర ముందు ఎవరి బండి తూకానికి ఎక్కుతుందన్నది క్రాసింగ్ కంటే పెద్ద తగాదా. అక్కడ పెద్దరికాన్ని నిర్ణయించేది రంగూ అంకే కాదు, బండిలోని చెరుకు ఎప్పుడు నరికిందన్నదే.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు కంపెనీకి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో గానుగ ఆగిపోయింది. కొందరు రైతులు వరికి మళ్లారు, కొందరి చెరుకు కామారెడ్డి వైపు ప్రైవేటు మిల్లులకు వెళ్లింది. మళ్లీ తెరుస్తామన్న హామీలు ఎన్నికల సీజన్‌కు తప్పకుండా వస్తాయి. ఇలాంటి ఊళ్లో పెద్ద ఇంజన్ ఎలా ప్రవర్తించాలో ఆడ్రీ పుస్తకాల్లో ఎక్కడా లేదు. అక్కడ వ్యాగన్లు అల్లరి చేస్తాయే గానీ మొత్తానికి రావడం మానవు.

కాబట్టి ఎక్స్‌ప్రెస్ డ్యూటీకి దరఖాస్తు పెట్టేవారు ఈ మూడు పనులు చేస్తే చాలు. పేరు పక్కన పన్నెండుతో మొదలయ్యే నంబరు రాయాలి. ఫొటో ఎడమవైపు నుంచి, పైపు కనిపించకుండా తీయించాలి. ‘గూడ్సు అనుభవం’ అన్న గడి ఎదురైతే అందులో అడ్డగీత గీసి, ఎందుకని ఎవరైనా అడిగితే కొండ మీద వ్యాగన్లే వెనక్కి లాగాయని చెప్పాలి.