తూకం రాళ్లన్నీ నా జేబులోనే

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఏళ్ల తరబడి అర్థశాస్త్రం చెబుతున్నవాణ్ని. అవకాశ వ్యయం అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. బోర్డు మీద ఒకవైపు వరి, ఇంకోవైపు పత్తి అని రాసి, ఉన్న ఎకరంలో రైతు ఏది వేస్తే ఏది వదులుకున్నట్టో నేను వివరిస్తుంటే, వెనక బెంచీలో ఫోన్ చూసుకునేవాడు కూడా ఓసారి తలెత్తుతాడు. అలాంటి నాకు ఇంట్లోనే ఒక లెక్క వచ్చి పడింది. మా ఆవిడకు జర్మనీలో ఉద్యోగం ఇస్తామన్నారు. స్టుట్‌గార్ట్‌లో, రెండేళ్లకు. కుటుంబంతో సహా రావచ్చన్నారు.

మా ఆవిడకు అన్నాను, గమనించారా?

ఆవిడ కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. మెర్సిడెస్, పోర్షే, బాష్ పుట్టిన ఊరు స్టుట్‌గార్ట్. ఆ పనిలో ఉన్నవాళ్లకు అక్కణ్నుంచి పిలుపు రావడమంటే మాటలు కాదు. ఆ రాత్రి ఆవిడ మెయిల్ చూపించగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "శభాష్". రెండో మాట "ఆలోచిద్దాం". రెంటికీ నడుమ గుక్క తిప్పుకున్నంత సేపు కూడా పట్టలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఏటా మార్చి 8న మా కాలేజీలో మహిళా దినోత్సవ ఉపన్యాసం నాదే. "భార్య ఉద్యోగం కోసం భర్త ఊరు మారే రోజు రావాలి" అన్నది అందులో నా ఆఖరి వాక్యం. దానికి చప్పట్లు తప్పవు. ఆ రోజు ఇంత తొందరగా, అదీ మా గుమ్మంలోకే వస్తుందని నేననుకోలేదు.

శాస్త్రీయంగా తేల్చుకుందామని ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి, నడిమధ్య గీత కొట్టి, ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు అని రాశాను. పొద్దున్నే మా ఆవిడ దాన్ని టిఫిన్ ప్లేటు పక్కన పెట్టుకుని చదివింది. పరీక్ష పేపరు దిద్దినట్టే చదువుతుంది ఆవిడ.

"ఏవండీ, నా జీతాన్ని యూరోల్లో రాశారు. ఖర్చులన్నీ రూపాయల్లో రాశారు. ఎందుకలా?"

అదెలా జరిగిందో నాకూ తెలియదు. అద్దె నెలకు లక్షన్నర, ఒక డోనర్ కబాబ్ రొట్టె ఏడెనిమిది వందలు, ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా ప్రసారాల రుసుం నెలకు 1,836 రూపాయలు అని కుడివైపు బరువుబరువుగా ఉన్నాయి. ఎడమవైపు జీతం మాత్రం నాలుగంకెల్లో బక్కచిక్కి కూర్చుంది. యూరో వంద రూపాయలకు అటూ ఇటూగా ఉన్న రోజుల్లో రెండు సున్నాలు నా పెన్ను కొసన ఎండిపోయాయి. కొనుగోలు శక్తి గురించి పాఠం చెప్పేవాడి నోట్‌బుక్ ఇది.

ఆవిడ ఏమీ అనలేదు. ఎడమవైపు ఇంకో రెండు వరుసలు చేర్చింది: ఒక్కో బిడ్డకు నెలనెలా 250 యూరోలకు పైగా ప్రభుత్వ భత్యం; ఆవిడ కట్టే ఆరోగ్య బీమాలోనే సంపాదన లేని భర్తకూ పిల్లలకూ విడిగా కట్టకుండా వైద్యం. "సంపాదన లేని భర్త" అన్న మూడు మాటలూ ఆవిడ చేతిరాతలో మరీ గుండ్రంగా కనిపించాయి నాకు.

పన్నుల దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. ఆ దేశంలో ఉద్యోగులకు పన్ను తరగతులుంటాయి. భార్యాభర్తల్లో ఒకరే సంపాదిస్తుంటే ఆ ఒకరు మూడో తరగతి తీసుకోవచ్చు. అప్పుడు రెండోవారు ఐదో తరగతి. ఎం.ఏ. చేసి, సెట్ పాసై, గెజిటెడ్ సంతకం పెట్టే మనిషిని ఐదో తరగతిలో వేస్తారట!

డబ్బు దగ్గర ఓడిపోయాక పిల్లల చదువు పట్టుకున్నాను. అది నా బ్రహ్మాస్త్రం. పెద్దాడు ఎనిమిదో తరగతి. "రాజ్యాంగంలో 371డి అని ఒక అధికరణం ఉంది" అని క్లాసులో మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాను. "1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. ఇంజనీరింగ్ సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికుడనిపించుకోవాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. తొమ్మిదీ పదీ స్టుట్‌గార్ట్‌లో చదివితే, నిజాంపేటలో పుట్టి నిజాంపేటలో పెరిగినవాడు సొంత రాష్ట్రంలో నాన్‌లోకల్ అవుతాడు!" చెప్పి, చప్పట్ల కోసం ఆగాను.

మా ఆవిడ ఫోన్‌లో ఏదో చూసింది. "మిగతా 15 శాతం సీట్లకు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలూ పోటీ పడొచ్చట కదా. మనింట్లో ప్రభుత్వ ఉద్యోగి ఎవరండీ?"

నేనే.

ఇంతలో పెద్దాడు హోంవర్కులోంచి తల బయటపెట్టాడు. "నాన్నా, అక్కడ ఐఐటీ ఫౌండేషన్ ఉంటుందా?"

"ఉండదురా, అదే కదా నా బాధ. వెళ్లగానే ముందు భాష నేర్పే క్లాసులో కూర్చోబెడతారు. ఆ తర్వాతే అసలు క్లాసు."

"అయితే వెళ్దాం."

యూకేజీ చదివే చంటిదాని ఓటు నాకే పడుతుందనుకున్నాను, మా అమ్మ దగ్గర అల్లరి చేయడం దానికిష్టం కనక. వాళ్లమ్మ దానికి ఒక ఫొటో చూపించింది. జర్మనీలో ఒకటో తరగతిలో చేరే రోజు పిల్లల చేతికి రంగుకాగితపు పొట్లం ఒకటి ఇస్తారు, మిఠాయిలూ పెన్సిళ్లూ బొమ్మలూ నింపి. మనూళ్లో బఠాణీలు కట్టే పొట్లం ఆకారమే, కాకపోతే పొడుగు పిల్ల భుజం దాకా. అది ఆ ఫొటో చూసి "ఇది నాకేనా, అన్నయ్యకు కూడానా?" అని అడిగింది. నీకొక్కదానికే అనగానే ఎన్నికలు ముగిశాయి.

చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుందన్నాను. ఆదివారం దుకాణాలుండవన్నాను. దూరాభారం అన్నాను, 2024లో హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం మొదలైందని ఆ మర్నాడే తెలిసింది. నాకు జర్మన్ ముక్క రాదన్నాను, బ్లూ కార్డు అనే ఉద్యోగ అనుమతి మీద వెళ్లేవాళ్ల జీవిత భాగస్వామికి భాష పరీక్ష ఉండదట. పైగా దిగిన రోజు నుంచీ ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చట. క్షీణోపాంత ప్రయోజన సూత్రం వస్తువులకే కాదు, సాకులకూ వర్తిస్తుంది. పదో సాకు దగ్గరికొచ్చేసరికి చెప్పే నాకే దాని మీద రుచి పోయింది.

ఇల్లు చూడటం మొదలయ్యాక మాత్రం నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. అక్కడ అద్దె ఇళ్లలో చాలావాటికి వంటగది ఉండదు. గది ఉంటుంది, అందులో వంటకు పనికొచ్చేది ఏదీ ఉండదు. ఖాళీ చేసేవాళ్లు పొయ్యి, అలమరాలు, ఆఖరికి సింకు కూడా ఊడదీసుకుని పోతారు. మా ఆవిడ చూపించిన ఫొటోలో తెల్లగోడ, గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు పైపులు, ఇంత వైరు, అంతే. "చూశావా!" అన్నాను విజయగర్వంతో. "ఇక్కడ మాత్రం వంటగదిలోకి మీరెప్పుడొచ్చారు, తేడా తెలియడానికి?" అంది.

స్టుట్‌గార్ట్ వైపు ఇంకో ఆచారం ఉంది. కేర్‌వోహె అంటారు. అపార్ట్‌మెంట్లలో వారానికొకరి వంతు. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకు చిన్న పలక తగిలిస్తారు. ఆ వారం మెట్లు ఊడ్చి తుడవాల్సింది ఆ ఇంటివాళ్లే. శనివారం నాటికి చీపురు చప్పుడు వినబడకపోతే పక్కింటివాళ్ల చూపు మారుతుందని అక్కడున్న మా ఆవిడ స్నేహితురాలు వీడియో కాల్‌లో చెప్పింది. చెప్పి, పలక కూడా చూపించింది. చెక్కతో చేసింది, మీద చీపురు బొమ్మ, పైన వేలాడదీయడానికి ఎర్ర దారం. మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని నేను. మెట్లు శుభ్రంగా లేవని లిఫ్టు పక్కన నోటీసులు అంటించేది నేనే. కింద సంతకం, తేదీ, ముద్ర. చీపురు పట్టుకోవడం ఏ చేత్తోనో మాత్రం ఇప్పటిదాకా తెలుసుకోవాల్సిన అవసరం పడలేదు.

చివరికి మధిర దగ్గర మా ఊరికి ఫోన్ చేశాను. అమ్మ అడ్డుపడితే ఇక తిరుగుండదు.

"అమ్మా, నీ నెయ్యి తీసుకెళ్లనివ్వరంట. పాలతో చేసింది ఏదీ యూరప్ బయటి నుంచి తెచ్చుకోకూడదంట, చట్టమే ఉంది."

"అక్కడ ఆవులు లేవంటరా?"

"ఉన్నయమ్మా."

"మరి వెన్న కొనుక్కొని కాచుకోండి. కాచుడు నీకు నేను నేర్పిస్తలే."

"నువ్వు ఒక్కదానివే అయిపోతవని..."

"నేను ఒక్కదాన్నేందిరా, సంఘం మీటింగులు నీ తాత పెడ్తడా? వీసా మీద వస్తే ఎన్ని రోజులుండనిస్తరు?"

"నూట ఎనభై రోజుల్లో తొంభై."

"చాలు. అంతకన్న ఎక్కువుంటే కోడలు మొహం మాడ్చుకుంటది, నువ్వు నడుమ నలిగిపోతవు. ఒరేయ్, అమ్మాయికి వచ్చిందా పోయిందా అంటే వచ్చింది. నీకేం నొప్పి?"

ఆ ప్రశ్నకు జవాబు నోట్‌బుక్‌లో ఎక్కడా లేదు. అది ఖమ్మంలో ఒక పెళ్లిలో బయటపడింది.

పెళ్లిళ్లలో విదేశం అంటే అమెరికానే. మొదట మా బాబాయి "జర్మనీయా?" అని పెదవి విరిచాడు. తర్వాత ఆయనే, 2025 సెప్టెంబరులో హెచ్‌-1బి కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుం పెట్టిన సంగతి గుర్తొచ్చి, "ఇప్పుడు జర్మనీయే నయంలే" అని ఒప్పుకున్నాడు. అరిటాకులో గుత్తి వంకాయ వడ్డిస్తుండగా, చుట్టూ నలుగురూ వినేలా అడిగాడు: "మరి అక్కడ నువ్వేం చేస్తవురా?"

ఆ దేశపు చలి, అద్దెలు, ఐదో తరగతి, చీపురు, అన్నీ ఈ ఒక్క ప్రశ్న నుంచి తప్పుకోవడానికి నేను పోగేసుకున్నవే. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. పిల్లల్ని బడికి దింపుతా బాబాయ్, వెన్న కాస్తా, వంతు వచ్చినప్పుడు మెట్లు ఊడుస్తా అని చెప్పాలి. గుత్తి వంకాయ గొంతులో ఉండగా నా నోరు తనంతట తాను ఇలా అంది: "పీహెచ్‌డీ పని ఉంది కదా బాబాయ్."

పీహెచ్‌డీ ఉన్న మాట నిజమే. రిజిస్టర్ చేయించుకున్నది అప్పుడెప్పుడో. నా గైడ్ రిటైరైపోయారు. అయినా ఆ మాట పెళ్లి భోజనాల దగ్గర బయల్దేరి, అప్పగింతల వేళకు పూర్తిగా ఎదిగిపోయింది. జర్మనీవాళ్లు నన్ను పీహెచ్‌డీకి పిలిచారట. మనవాడు భార్యాపిల్లల్ని కూడా వెంట తీసుకెళ్తున్నాడట. ముగ్గురు పెద్దవాళ్లు నా చేయి పట్టుకుని అభినందించారు. ఒకాయన శాలువా కప్పబోయాడు. నేను వద్దనలేదు, అవుననీ అనలేదు. అక్కడ నేను చేసిన ఘనకార్యం అంతే: తల వంచి, వినయంగా నవ్వుతూ నిలబడ్డాను.

నాలుగో రోజుకు ఆ వార్త మా అత్తగారి ఊరు చేరింది. స్పీకర్‌లో ఉందని తెలియక ఆవిడ కూతురితో అన్నారు: "అల్లుడుగారికి జర్మనీలో సీటు వచ్చిందటగా! నీకు కూడా అక్కడేదైనా చిన్న ఉద్యోగం దొరుకుతుందేమో అడగకూడదూ?"

మా ఆవిడ నా మొహం వైపు చూసింది. నేను కుక్కర్ కూతలు లెక్కపెడుతున్నట్టు నటించాను, స్టవ్ మీద కుక్కరే లేదు. ఆవిడ ఫోన్ పెట్టేసి, పోట్లాడుతుందేమో అనుకుంటే, నోట్‌బుక్ తెరిచి లాభాల కింద ఒక వరుస రాసింది: "ఈయన థీసిస్ పూర్తవుతుంది."

ఆ వారమే ఆవిడ వస్తానని జవాబు రాసేసింది. ప్రభుత్వోద్యోగి దేశం దాటాలంటే ముందస్తు అనుమతి ఉండాలి, నిరభ్యంతర పత్రం కావాలి, జీతం లేని అసాధారణ సెలవు కావాలి. దరఖాస్తులో "ప్రయాణ ఉద్దేశం" అన్న గడి దగ్గర ముందు "ఉన్నత పరిశోధన" అని రాశాను. రుజువు పత్రాలు జతచేయవలెను అని కింద సన్న అక్షరాల్లో ఉంది. కొట్టేసి, "భార్య ఉద్యోగరీత్యా ఆమెతోపాటు నివసించుటకు, ఇల్లు, పిల్లల బాధ్యత చూసుకొనుటకు" అని రాసి ఆఫీసులో ఇచ్చాను.

సీనియర్ అసిస్టెంట్ మేడమ్ కళ్లజోడు సర్దుకుని ఒకసారి చదివారు. మళ్లీ చదివారు.

"సార్, దీన్నొక జిరాక్స్ తీసుకోవచ్చా?"

"ఫైల్‌కేనా మేడమ్?"

"కాదు సార్, మా ఆయనకు. పోయినేడు నాకు ప్రమోషన్ మీద ఆసిఫాబాద్ ఇస్తే, రానన్నాడు."

రెండు తీయించండి, ఒకటి మా బాబాయికి వాట్సాప్‌లో పెట్టాలన్నాను. ఇంకా పెట్టలేదు.