లెక్కల్లో సున్నా, ఓట్లలో నూటికి నూరు

మన బళ్ళకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ముందురోజే గోడలకి సున్నం పడేది. పిల్లలకి మాస్టారి రహస్య ఆదేశం కూడా అందేది: జవాబు తెలిసినవాడు కుడిచెయ్యి ఎత్తాలి, తెలియనివాడు ఎడమచెయ్యి ఎత్తాలి. మర్నాడు క్లాసు నిండా చేతులే. న్యూయార్క్ నగరంలో, హసిడిక్ అనే ఛాందస శాఖకి చెందిన యూదుల బడులు కొన్ని ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు. ఇన్‌స్పెక్టర్లు వస్తే తలుపే తియ్యలేదు.

ఫిర్యాదు 2015లో వెళ్ళింది. ఆ బడుల్లో చదివినవాళ్ళు, పాఠాలు చెప్పినవాళ్ళు, పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు కలిపి 52 మంది సంతకాలు పెట్టారు. 39 బడుల పేర్లు రాసి, వీటిలో ఇంగ్లీషూ లెక్కలూ సరిగ్గా చెప్పడం లేదు మహాప్రభో అన్నారు. మూడేళ్ళ తర్వాత, 2018 ఆగస్టులో, నగర విద్యాశాఖ పెద్ద రాష్ట్రానికి ఉత్తరం రాశాడు. దాని సారాంశం: 15 బడులు చూశాం, మరో 15 బడులు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. గవర్నమెంటు గుమ్మంలో నిలబడి పైవాళ్ళకి చెప్పుకోవడం మనకి కొత్తేమీ కాదు గానీ, అమెరికా గవర్నమెంటుకి కూడా ఆ యోగం పట్టడం కాస్త ఊరట.

ఈ బడుల్ని యెషివాలంటారు. బ్రూక్లిన్‌లో విలియమ్స్‌బర్గ్, బరో పార్క్ పేటల నిండా అవే. హిట్లర్ చేతిలో సర్వం పోగొట్టుకుని మిగిలిన కొద్దిమంది అక్కడికి చేరి, తమ ఆచారాన్నీ యిడ్డిష్ భాషనీ మళ్ళీ మొలకెత్తించుకున్నారు. దాన్ని వెక్కిరించేంత కుసంస్కారం ఈ కాలమ్‌కి లేదు. మగపిల్లలు పొద్దున్నించి సాయంత్రం దాకా తోరా, తాల్ముద్ అనే మతగ్రంథాలు చదువుతారు. చదువు తక్కువైందని వాళ్ళనెవరూ అనలేరు. కాకపోతే చాలా బడుల్లో ఇంగ్లీషు, లెక్కలు కలిపి రోజుకి గంటన్నర, వారానికి నాలుగు రోజులు. అదీ పదమూడేళ్ళు వచ్చేదాకానే, ఆ తర్వాత పూర్తిగా బంద్. తమాషా ఏమిటంటే ఆడపిల్లలకి ఇంగ్లీషు ఎక్కువ చెబుతారు. తాల్ముద్ భారం మగపిల్లలదే కాబట్టి ఆడపిల్లలకి కాస్త తీరిక ఉంటుంది. ఆడపిల్లకి చదువెందుకన్న మాట వల్ల ఆడపిల్లలకి చదువు దక్కిన చోటు బహుశా ఇదొక్కటే.

చట్టం లేదా అంటే ఉంది, అదీ 19వ శతాబ్దం చివరినాటిది. ప్రైవేటు బడి చదువు ప్రభుత్వ బడి చదువుకి దాదాపు సమానంగా ఉండాలన్నది నిబంధన. ఆ చట్టం పుట్టిననాటికి విలియమ్స్‌బర్గ్ వంతెన కూడా లేదు. వంతెన కట్టారు, దాని మీద జనం నడిచారు, చట్టం మాత్రం కూర్చున్నచోటి నుంచి లేవలేదు. లేపబోయిన ప్రతిసారీ, ఈ పేటలవాళ్ళు కట్టగట్టుకుని వేసే ఓట్లు చూసి ఎవరో ఒకరు జోకొట్టారు.

2017 సంగతి చూడండి. నగరంలోని బడుల పెత్తనం మేయరు బిల్ డి బ్లాసియో గారి చేతిలో ఉంది. దాన్ని పొడిగించాలంటే రాష్ట్ర శాసనసభలో ఓట్లు కావాలి. ఆ ఓట్ల బేరంలో భాగంగా యెషివాల మధ్యంతర నివేదికని ఆలస్యం చెయ్యడానికి మేయరు మనుషులు ఒప్పుకున్నారని 2019 డిసెంబరులో నగర ప్రభుత్వపు సొంత దర్యాప్తు విభాగాలే తేల్చాయి. అంటే బడుల మీద అధికారం నిలబెట్టుకోవడానికి, కొన్ని బడుల వంక చూడబోమని మాటిచ్చారన్నమాట. తాళంచెవి చేతిలో ఉంటే చాలు, తలుపు తియ్యాలన్న పట్టింపు లేదు.

2018లో రాష్ట్ర సెనేటరు సిమ్కా ఫెల్డర్ గారు ఇంకో మెట్టు ఎక్కారు. ఆయన డెమోక్రాటు, కానీ కూర్చునేది రిపబ్లికన్ల పక్కన. 63 సీట్ల సెనేటులో వాళ్ళ ఆధిక్యం ఆయన ఒక్కరి మీదే నిలబడి ఉంది. ఆయన యెషివాలకి వెసులుబాటు కావాలని రాష్ట్ర బడ్జెట్టునే ఆపి కూర్చున్నారు. వెసులుబాటు వచ్చింది. మన ప్రాంతీయ పార్టీల వాళ్ళు ఈ ఘట్టాన్ని చదువుకుంటే ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

తీరా 2019 చివర నగరం తుది నివేదిక ఇచ్చింది. చూసిన బడులు 28, ప్రమాణానికి తూగినవి 2.

ఆ తర్వాత 2022లో న్యూయార్క్ టైమ్స్ పెద్ద కథనం రాసింది. సెంట్రల్ యునైటెడ్ తాల్ముదికల్ అకాడమీలో 2019లో వెయ్యిమందికి పైగా పిల్లలు రాష్ట్ర పరీక్షలు రాశారు, ఒక్కరూ పాసవ్వలేదు. మన దగ్గర వెయ్యిమంది రాసిన పరీక్షలో ఒక్కడైనా చిట్టీ పెట్టుకుని గట్టెక్కుతాడు. ఇక్కడ ఆ కళ కూడా నేర్పలేదన్నమాట. కొన్ని బడుల్లో గురువులు పిల్లల్ని కొడుతున్నారని కూడా ఆ కథనం రాసింది. నాలుగేళ్ళలో ఇలాంటి బడులకి అందిన ప్రభుత్వ సొమ్ము వంద కోట్ల డాలర్లు దాటిందని లెక్కగట్టింది. గవర్నమెంటు మనుషులకి మూసుకున్న తలుపు గవర్నమెంటు చెక్కులకి బార్లా తెరుచుకుందన్నమాట. మరుసటి నెలలో అదే అకాడమీ, పిల్లల భోజనాల నిధులు దారి మళ్ళించిన కేసులో తప్పొప్పుకుని లక్షల డాలర్లు కట్టింది.

బడుల తరఫువాళ్ళు అడిగేదీ వినాలి. ప్రభుత్వ బడుల్లో మాత్రం అందరూ పాసవుతున్నారా అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ 2019లోనే నగర ప్రభుత్వ బడుల్లో పాసైనవాళ్ళు సగానికి కాస్త తక్కువ. సగానికీ సున్నాకీ తేడా ఏమిటంటే మాత్రం, అది చెప్పడానికి లెక్కలు రావాలి.

సర్కారుకి తలుపు బద్దలుకొట్టడం రాదనుకోకండి. 2008 ఏప్రిల్‌లో టెక్సస్‌లో, బహుభార్యత్వం పాటించే ఒక మార్మన్ చీలికశాఖ వాళ్ళ ఆవరణలోకి సాయుధ పోలీసులు చొరబడి 400 మందికి పైగా పిల్లల్ని ఎత్తుకొచ్చారు. దానికి ఆధారమైన ఫోన్ కాల్ బూటకమని తర్వాత తేలింది. రెండు నెలలు తిరక్కుండానే పిల్లల్ని ఇళ్ళకి పంపమని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ శాఖ పెద్ద వారెన్ జెఫ్స్‌కి, బాలికల మీద చేసిన అఘాయిత్యాలకి 2011లో యావజ్జీవం పడింది. లోపల జరిగిన ఘోరమూ నిజమే, బయట జరిగిన తొందరపాటూ నిజమే. చప్పుడు కాకుండా తలుపు తట్టి, తీసేదాకా అక్కడే నిలబడే పద్ధతి మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఈ విషయంలో మనవాళ్ళే నయం. 2009లో విద్యాహక్కు చట్టం తెచ్చుకున్నాం. 2012లో దాన్ని సవరించి మదర్సాలకీ, వేదపాఠశాలలకీ, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలకీ ఈ చట్టం వర్తించదని ఒక్క వాక్యం రాసేసుకున్నాం. నివేదికల్లేవు, బేరాల్లేవు, బడ్జెట్లు ఆగలేదు. అన్ని మతాల పిల్లలకీ సమాన దూరం పాటించాం.

న్యూయార్క్ దాకా అంత తెలివి చేరడానికి కాస్త టైం పట్టింది. 2022లో రాష్ట్ర విద్యామండలి గట్టి నిబంధనలు పెట్టింది. 2025 మేలో గవర్నరు కాథీ హోకుల్ హయాంలో బడ్జెట్టుతో పాటే చట్టాన్ని సడలించారు. ఆ మరుసటి నెల రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, 2022 నాటి నిబంధనలు సబబే అని తీర్పు చెప్పింది. పెళ్ళయిపోయాక అందిన శుభలేఖ అది.

కొత్త చట్టంలో బడులు ఎంచుకోవడానికి రకరకాల దారులున్నాయి. వాటిలో కొన్నిటికి గడువు 2032-33 విద్యాసంవత్సరం దాకా సాగుతుంది. 2015లో ఫిర్యాదు నాటికి ఆరేళ్ళున్న కుర్రాడికి 2025లో పదహారు, కాబట్టి వాడి సంగతి వదిలెయ్యండి. 2025లో ఒకటో తరగతిలో చేరిన ఆరేళ్ళవాడికి 2032లో పదమూడు. ఇంగ్లీషూ లెక్కలూ ఆపేసే ఈడు సరిగ్గా అదే. గడువుని అంత కొలిచి పెట్టినవాళ్ళెవరో గానీ, లెక్కలు మాత్రం ప్రభుత్వ బళ్ళోనే నేర్చుకుని ఉంటారు.