కోయ అని వెతికితే

భద్రాచలం బస్టాండు దగ్గర ఒక డీటీపీ షాపు ఉంది. ఆ షాపు కంప్యూటర్లో నేనుంటాను. కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కితే తెర మీదికి వస్తాను. నాకున్నవి రెండే గళ్లు. పై గడిలో వెతకాల్సిన మాట రాస్తారు, కింది గడిలో దాని బదులు పెట్టాల్సిన మాట. పక్కనే 'రీప్లేస్ ఆల్' మీట. షాపు నడిపే అన్నకి నా మీద గురి ఎక్కువ. ఆ గురికి నేను తగినదాన్ని కానని 2016 దసరా తర్వాత తెలిసొచ్చింది.

ఆ పండగ రోజునే, అక్టోబరు 11న, ఖమ్మం జిల్లా నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. కులం సర్టిఫికెట్‌కి, పింఛనుకి, పోడు పట్టాకి అన్న రాసిపెట్టుకున్న అర్జీ నమూనాలన్నింట్లో పాత జిల్లా పేరే ఉంది. 'ఖమ్మం' అని వెతికి మార్చమన్నాడు. మార్చాను. 'ఖమ్మానికి' అన్న చోట మాత్రం ఆగకుండా దాటిపోయాను. సున్నా పోయి దీర్ఘం వచ్చినా ఊరు అదేనని చదివేవాళ్లకి తెలుసు. నాకు తెలీదు. ఇక అను ఫాంటులో టైపు చేసిన పాత ఫైళ్లయితే పైకి తెలుగే, లోపల ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. యూనికోడ్‌లో రాసిన ఖమ్మం వాటిలో నాకెక్కడ దొరుకుతుంది? 'లేదు' అన్నాను. అన్న నిజంగానే లేదనుకుని ఆ ఫైళ్లు మూసేశాడు.

పైగా పాత జిల్లా అంతా ఒకేవైపు పోలేదు. గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో కలిశాయి. వాజేడు, వెంకటాపురం అప్పుడు జయశంకర్ భూపాలపల్లిలోకి, 2019లో ములుగులోకి వెళ్లాయి. భద్రాచలాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక 2014లోనే ఆంధ్రప్రదేశ్‌కి పోయింది. ఒక్క మాటకి ఇన్ని బదులు మాటలుంటే ఒక్క గడి ఏం సరిపోతుంది? వాజేడు నుంచి వచ్చిన పెద్దాయన కాగితంలోనూ కొత్తగూడెమే పెట్టాను. జిల్లా తప్పని అది తిరిగొచ్చింది. ఆయన మళ్లీ అంత దూరం బస్సెక్కి వచ్చి, ఏమీ అనకుండా బల్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు నాకు ఇప్పటికీ బాధే.

దానికన్నా పెద్ద తప్పు ఒక పంతులమ్మ పుస్తకంలో చేశాను. చిన్న పుస్తకమే. తన గూడెం గురించి, భూమి పండుగ గురించి, ఇప్పపూలు ఏరుకునే రోజుల గురించి రాసుకుంది. "తమ్ముడూ, కోయ అన్నచోటల్లా కోయతూర్ అని పెట్టు, మమ్మల్ని మేం అలాగే పిలుచుకుంటాం" అంది. అన్న రీప్లేస్ ఆల్ నొక్కాడు. ఎన్ని మార్చానో అంకె చూపించాను. ఎక్కడెక్కడ మార్చానో చూపించడం నాకు నేర్పలేదు.

'కోయలు' చక్కగా 'కోయతూర్లు' అయ్యింది. 'వరి కోయడానికి' వెళ్లిన ఆడవాళ్లు 'వరి కోయతూర్డానికి' వెళ్లారు. ఇప్పచెట్టు మీది కోయిలనీ వదల్లేదు. చదివేవాళ్లకి 'యి' ఒకే అక్షరం. నాకు 'య' వేరు, దాని మీది గుడి వేరు. 'య' దాకా మార్చేశాక ఆ గుడి ఏ అక్షరానికీ అంటక చుక్కల సున్నా మీద మిగిలిపోయింది. పూర్తి మాట మాత్రమే వెతికే ఏర్పాటు నాలో ఉంది. అది పెడితే కోయిల బతుకుతుంది, కానీ 'కోయలకు', 'కోయలతో' వదిలేస్తాను. తెలుగులో విభక్తి మాటకి అతుక్కునే వస్తుంది. నన్ను తయారుచేసినవాళ్లు మాటకీ మాటకీ మధ్య ఖాళీని నమ్ముకున్నారు.

ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల పేరూ మార్చేశాను. పంతులమ్మకి కోపం వచ్చింది అక్కడే. "వాళ్ల పేరు వాళ్లు చెప్పాలి కదా తమ్ముడూ. కాగితాల్లో పేరు కోసమే వాళ్లు తిరుగుతున్నారు" అంది. వెనక్కి తీసుకుందామంటే అన్న అప్పటికే ఫైలు దాచి మూసేశాడు. మూసి తెరిచాక పాత మార్పులు నాకు గుర్తుండవు.

పాత ప్రతి పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి సరిపోయింది. మర్నాడు ఆమె అన్న పక్కనే కుర్చీ వేసుకుంది. ఈసారి రీప్లేస్ ఆల్ ముట్టుకోలేదు. ఒక్కో 'కోయ' దగ్గరా ఆగాను. చాలాసార్లు నా పెట్టె సరిగ్గా ఆ వాక్యం మీదే పడి దాన్ని కప్పేసింది. అన్న నన్ను పక్కకి లాగి, ఆమెకి చదివి వినిపించాడు.

"ఇది మేమే. మార్చు."

"ఇది గొత్తికోయలు. అలాగే ఉండనీ."

"ఇది వరికోత తమ్ముడూ, వదిలెయ్. తర్వాతది చూడు."