భద్రత సున్నా

తిథి లెక్కకు లిస్ప్ అంత నప్పే భాష నాకు ఇంతవరకూ కనబడలేదు. ఒక మహాయుగానికి, అంటే 43,20,000 సంవత్సరాలకు, 157 కోట్ల 79 లక్షల 17 వేల 828 రోజులని సూర్యసిద్ధాంతం చెబుతుంది. ఆ రెండు సంఖ్యలనూ కామన్ లిస్ప్‌కి ఇచ్చి భాగించమంటే దశాంశాల్లోకి దిగి చివరి అంకెలు తెంపేయదు. భిన్నాన్ని భిన్నంగానే ఉంచుతుంది: 365 రోజులు, ఆ పైన 2,79,457/10,80,000 వంతు. కలియుగాది నుంచి ఈ రోజు దాకా మోసుకొచ్చినా లెక్క చెదరదు. నాకం డెర్షోవిట్జ్, ఎడ్వర్డ్ రైన్‌గోల్డ్ కలిసి ప్రపంచంలోని క్యాలెండర్ల గణితం మీద రాసిన పుస్తకంలో మన పంచాంగాన్ని కూడా లిస్ప్‌లోనే చూపించారు. అది చదివే నేనూ సొంతంగా రాయడం మొదలుపెట్టాను.

ఇంత నిక్కచ్చి భాష చేతిలో ఉండగా దాని నోరు నేనే ఎలా నొక్కేశానో, ఎంత బుద్ధితక్కువగా నొక్కేశానో చెప్పుకోవాలి. ఎవరూ అడగలేదు. అయినా చెప్పుకోవాలి.

అవసరం మా బాబాయిది. ఆయన అమెరికాలో ఉంటారు. ఏటా తాతయ్య ఆబ్దికం పెడతారు. తిథి ముగిసే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, కానీ ఆబ్దికానికి చూడాల్సింది తాము ఉన్న ఊళ్లో అపరాహ్ణానికి ఏ తిథి ఉందని. ఇక్కడ అచ్చయిన పంచాంగం అక్కడికి నేరుగా పనికిరాదు. "నువ్వు కంప్యూటర్ వాడివి కదా నాన్నా, మా ఊరికి లెక్క కట్టి చెప్పు" అన్నారు. ఆ తర్వాత ఆయన స్నేహితులు కూడా అడగడం మొదలుపెట్టారు.

మొదటి తప్పు జ్యాపట్టిక దగ్గర జరిగింది. మన సిద్ధాంతాల జ్యాపట్టికలో, అంటే సైన్ విలువల పట్టికలో, 24 విలువలుంటాయి, 225తో మొదలై 3438తో ముగుస్తాయి. వాటిని ఒక లిస్టుగా పేర్చి 'డెఫ్‌కాన్‌స్టాంట్' కింద రాశాను. నేను వాడే లిస్ప్ కంపైలర్ ఎస్‌బీసీఎల్ ఆపేసింది. కంపైల్ చేస్తున్నప్పుడు ఒక లిస్టు పుడుతుంది, ఆ ఫైలును లోడ్ చేస్తున్నప్పుడు అవే అంకెలతో ఇంకో లిస్టు పుడుతుంది. చూపుకు రెండూ ఒకటే, మెమరీలో మాత్రం వేర్వేరు. స్థిరరాశి విలువ మారిందని ఎస్‌బీసీఎల్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. కామన్ లిస్ప్‌కి 1994 నాటి ఆన్సీ ప్రమాణం ప్రకారం అలా అభ్యంతరం చెప్పే హక్కు దానికి ఉంది. అలెగ్జాండ్రియా అనే లిస్ప్ లైబ్రరీలో ఈ చిక్కుకు తేలికైన మందుంది, విలువలను పోల్చే పద్ధతిని మనమే చెప్పొచ్చు. నేను వెతకలేదు. డీబగ్గర్ 'కంటిన్యూ' చూపించింది, నొక్కాను. మర్నాడు కొత్తగా తెరిస్తే ఎర్రరే రాలేదు. కంపైలైన ఫైలు అప్పటికే ఉంది కాబట్టి అది ఒక్కసారి లోడ్ అయింది, అంతే. నేను మాత్రం సమస్య తీరిపోయిందనుకున్నాను.

రెండోది ఒక పాత లైబ్రరీ. లైబ్రరీలు తెచ్చిపెట్టే క్విక్‌లిస్ప్‌లో తెచ్చుకున్నది కాదు, ఎక్కడినుంచో దింపుకుని పెట్టుకున్నది. ఎస్‌బీసీఎల్ కొత్త వెర్షన్ వేసుకున్నాక అది కంపైల్ కాలేదు. ఎక్కడా నిర్వచించని ఒక వేరియబుల్ పేరు అందులో ఉందని వార్నింగ్. తెలియని ఫంక్షన్ అయితే ఎస్‌బీసీఎల్ స్టైల్ వార్నింగ్‌తో సరిపెడుతుంది, తెలియని వేరియబుల్‌కి మాత్రం పూర్తి వార్నింగే ఇస్తుంది. పూర్తి వార్నింగ్ వస్తే ఫైలు విఫలమైనట్టు లెక్క. అప్పుడేం చేయాలో, లిస్ప్ ప్రాజెక్టులను కట్టే ఏఎస్‌డీఎఫ్‌లో ఒక సెట్టింగ్ నిర్ణయిస్తుంది. ఎస్‌బీసీఎల్‌లో అది మామూలుగా 'ఎర్రర్' మీద ఉంటుంది, క్లిస్ప్ అనే ఇంకో లిస్ప్‌లో 'ఇగ్నోర్' మీద. క్లిస్ప్ పట్టించుకోనిది నాకెందుకని ఎస్‌బీసీఎల్ మొదలవగానే చదివే ఫైల్లో 'ఇగ్నోర్' అని రాసిపెట్టాను. ఆ లైబ్రరీ కోసం రాసిన ఆ ఒక్క వాక్యం అప్పటినుంచి నా సొంత ఫైళ్లన్నిటికీ వర్తించింది. కంపైలర్ నా కోడ్ గురించి చెప్పినవన్నీ తెర మీద పైకి జరిగిపోయేవి. నేను చదివేవాణ్ణి కాదు.

అసలు నష్టం మూడోదాంట్లో ఉంది.

చంద్రుడికీ సూర్యుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి గడుస్తుంది. సగటు వేగంతో వచ్చే స్థానం మధ్యమం. దానికి మందఫలం అనే సవరణ కలిపితేనో తీసేస్తేనో అసలు స్థానం, స్ఫుటం, వస్తుంది. చంద్రుడి మందఫలం ఐదు డిగ్రీల దాకా ఉంటుంది, సూర్యుడిది రెండు డిగ్రీల పైచిలుకు. చాలా ఊళ్లకు ఏడాది పొడుగునా లెక్క కట్టాలంటే భిన్నాలు పొడుగెక్కి ప్రోగ్రాం నెమ్మదించింది. స్ఫుటం చేసే ఫంక్షన్‌లో అన్నీ డబుల్-ఫ్లోట్‌లని, అంటే వేగంగా లెక్క తేలే దశాంశ సంఖ్యలని, ప్రకటించాను. ఎస్‌బీసీఎల్ 1999లో సీఎంయూసీఎల్ అనే పాత లిస్ప్ నుంచి విడిపోయి వచ్చింది. ఆ వంశం కంపైలర్లకు ఒక గొప్ప గుణం ఉంది. మనం ప్రకటించిన టైపును అవి గుడ్డిగా నమ్మవు, నిజమో కాదో నడిచేటప్పుడు సరిచూస్తాయి. నాకు టైప్ ఎర్రర్ వచ్చింది. ఈ విలువ డబుల్-ఫ్లోట్ కాదు అని, ఆ విలువను చూపించి మరీ చెప్పింది. అదొక భిన్నం. జ్యాపట్టికలో రెండు గళ్ల మధ్య విలువ కట్టి 3438తో భాగించిన చోట దాన్ని డబుల్-ఫ్లోట్‌గా మార్చడం నేను మరిచిపోయాను. ఒక్క చోట ఒక్క మాట రాస్తే అయిపోయేది.

నేను ఫైలు మొదట్లో వేగం 3, భద్రత 0 అని ప్రకటించాను. ఎర్రర్ పోయింది. ప్రోగ్రాం నిజంగానే పరుగెత్తింది. ఆ సాయంత్రం ఎంత సంతోషించానో తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉంది.

భద్రత సున్నా అంటే, నా మాట నమ్ము, ఏదీ సరిచూడకు అని కంపైలర్‌కు హామీ ఇవ్వడం. అది నమ్మింది. భిన్నం మెమరీలో ముందు లవం, తర్వాత హారంగా ఉంటుంది. డబుల్-ఫ్లోట్ అయితే విలువ ఉండాల్సిన చోటే ఇక్కడ లవం ఉంది. ఫంక్షన్ ఆ పూర్ణాంకం బిట్లను దశాంశ సంఖ్యగా చదివింది. అలా చదివితే వచ్చేది సున్నాకు అంటిపెట్టుకుని ఉండే అతి చిన్న సంఖ్య. అంటే నా ప్రోగ్రాంలో మందఫలం ఎప్పుడూ సున్నాయే. స్ఫుటం అనుకుంటూ నేను మధ్యమాన్నే అందరికీ ఇస్తూ వచ్చాను. ప్రోగ్రాం కూలిపోయి ఉంటే బాగుండేది. పిచ్చి అంకెలు వచ్చినా బాగుండేది. వచ్చినవన్నీ నమ్మదగ్గ తిథులే, చాలా రోజులు సరైనవే. మధ్యమానికీ స్ఫుటానికీ తేడా పెద్దదైనప్పుడు మాత్రం తిథి ముగింపు సగం రోజుకు పైగా జరిగిపోతుంది. సరిహద్దులో ఉన్న తిథి పక్కరోజుకు పోతుంది.

మరి టెస్టులు లేవా అంటే ఉన్నాయి. ఫైవ్‌ఏఎం లైబ్రరీతో, అచ్చు పంచాంగం పక్కన పెట్టుకుని నేనే రాశాను. ఏఎస్‌డీఎఫ్‌తో నడిపే చిన్న స్క్రిప్టు కూడా పెట్టుకున్నాను. కొన్ని టెస్టులు మొదటినుంచీ ఫెయిలవుతూనే ఉన్నాయి. ఫైవ్‌ఏఎం వాటిని అచ్చువేసి 'నిల్', అంటే లిస్ప్‌లో 'కాదు', తిరిగిచ్చేది. కానీ టెస్టు నడిపించాక ఏ విలువ తిరిగొచ్చిందో ఏఎస్‌డీఎఫ్ చూడదు. ఎర్రర్ లేస్తేనే దానికి విఫలం, లేకపోతే పని సజావుగా జరిగినట్టే. నా స్క్రిప్టు మామూలుగా ముగిసేది, పాసయ్యాయని నేను రాసుకునేవాణ్ణి. టెస్టు రాసినవాడు అది ఫెయిలవడం ఒక్కసారైనా కళ్లారా చూడాలి. కావాలని ఒక తప్పు విలువ పెట్టి నడిపినా నా స్క్రిప్టు కూత కూయదని ఐదు నిమిషాల్లో తెలిసేది. నేనా పని చేయలేదు.

బాబాయి ఫోన్ చేశారు. "నీ లెక్కలో ఒక రోజు వస్తోంది, ఇక్కడ గుడి వాళ్లు ఇంకో రోజు చెబుతున్నారు. సరిచూశావా నాన్నా?"

"టెస్టులన్నీ పాసయ్యాయి బాబాయ్. వాళ్లది దృక్ పంచాంగం అయ్యుంటుంది, మనది సూర్యసిద్ధాంతం. ఆ మాత్రం తేడా ఉంటుంది" అన్నాను.

ఆ తేడా ఉండటం నిజమే. పూర్వపద్ధతి పంచాంగాలూ, ఆధునిక ఖగోళ లెక్కలతో కట్టే దృగ్గణిత పంచాంగాలూ మనకు రెండూ అచ్చవుతాయి, వాటి మధ్య వాదమూ ఉంది. అందుకే నా మాటకు బలం వచ్చింది. పెద్దల మధ్య ఉన్న ఒక నిజమైన అభిప్రాయభేదాన్ని నా తప్పుకు ముసుగుగా కప్పాను. ఆయన నన్ను నమ్మి, నేను చెప్పిన రోజునే తాతయ్య ఆబ్దికం పెట్టారు.

బయటపడింది వేరే పని చేస్తుండగా. మందఫలం లెక్కకు ఆధారమైన కోణం, మందకేంద్రం, సున్నా అయితే మందఫలం కూడా సున్నా రావాలి కదా అని లిస్ప్ ప్రాంప్టు దగ్గర కొట్టి చూశాను. మెమరీ ఫాల్ట్. లవం సున్నా కాగానే లిస్ప్ ఆ భిన్నాన్ని పూర్ణాంకం చేసేస్తుంది. ఫంక్షన్ ఆ పూర్ణాంకాన్ని చిరునామా అనుకుని, లేని చోటికి వెళ్లి చదవబోయింది. అప్పుడు భద్రత 3కు తగ్గడానికి వీల్లేదని కంపైలర్ పాలసీకి కట్టుబాటు పెట్టి, క్యాష్‌లో ఉన్న కంపైలైన ఫైళ్లన్నీ చెరిపేసి, కొత్త ప్రాసెస్‌లో మొదటినుంచి కట్టించాను. ఎప్పుడో నేను నొక్కేసిన టైప్ ఎర్రరే, అదే ఫంక్షన్ దగ్గర, అదే మాటలతో మళ్లీ వచ్చింది.

సరిదిద్దడానికి పట్టింది ఒక్క పూట. భిన్నాన్ని డబుల్-ఫ్లోట్‌గా మార్చాను. 'ఇగ్నోర్' వాక్యం తీసేస్తే పాత లైబ్రరీ మళ్లీ ఆగింది. చూస్తే అది నిజంగానే అక్షరదోషం, ఎవరూ నడవని ఒక కొమ్మలో దాగి ఉంది. టెస్టుల నుంచి 'నిల్' వస్తే ఎర్రర్ లేపేలా రాశాను. ఆ రోజు స్క్రిప్టు మొదటిసారి ఎర్రగా ఆగింది. దిద్దాక ఆ ఏడాది ఆబ్దికం తేదీ మళ్లీ కట్టి చూస్తే గుడి వాళ్లు చెప్పిన రోజే వచ్చింది.

బాబాయికి చెప్పాను. దృక్ అని చెప్పింది నిజం కాదని, తప్పు నాదని విడమరిచి చెప్పాను. ఆయన కోప్పడలేదు. గుడిలో అయ్యగారిని అడిగి, ఏం చేయమంటే అది చేస్తానన్నారు. ఆయన స్నేహితుల్లో ఎవరెవరికి ఏ తేదీలిచ్చానో పాత మెయిళ్లు వెతికి రాసుకున్నాను. కొత్త లెక్కతో పోల్చి, మారిన వాళ్లందరికీ ఫోన్ చేస్తున్నాను. ఇద్దరి నంబర్లు ఇప్పుడు పనిచేయడం లేదు. వాళ్ల వివరాలు బాబాయిని అడిగాను.