మూసేసిన కన్నం

బోటు ఇంజిన్‌ను చల్లబరచడానికి సముద్రపు నీటిని లాగే పంపు ఉంటుంది కదా, దాని పొట్ట కింద చిన్న కన్నం ఒకటి ఉంటుంది. లోపల షాఫ్ట్‌కి ఒక చివర రబ్బరు ఇంపెల్లర్, దాని వెనక నీళ్ల సీలు, పుల్లీ వైపు బేరింగులు, నడుమ కాస్త ఖాళీ. సీలు అరిగితే నీళ్లు బేరింగుల్లోకి పోకుండా ఆ ఖాళీలోంచి కిందికి కారిపోవాలి. కన్నం ఉన్నది అందుకే. గిలకలదిండిలో ఇన్నేళ్లుగా బోటు నడిపిస్తున్నా నాకా సంగతి తెలియదు. చుక్కలు పడుతుంటే లీకనుకుని ఎం-సీల్ ముద్ద కలిపి మూసేశాను. కారడం ఆగింది.

దారి మూసుకుపోయిన ఉప్పునీరు బేరింగుల్లోకి చేరింది. గ్రీజు కొట్టుకుపోయి గోళీలు తుప్పు పట్టాయి. "పంపు గరగరమంటోంది, ఒకసారి విప్పి చూడండి" అని మా డ్రైవర్ చెప్పాడు. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా బోటు ఒడ్డునే ఉంటుంది, అప్పుడు చూద్దాంలే అన్నాను. పంపు అంతవరకు ఆగలేదు. సముద్రం మీద ఇంజిన్ వేడెక్కి ఆగిపోతే ఇంకో బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. మనుషులున్నారు మా బోటులో. ఆ సమయానికి గాలి తిరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అప్పుడైనా మేస్త్రీని పిలవాల్సింది. బేరింగు మీద 6204 అని ఉంది. చివరి 04ని 5తో గుణిస్తే 20 మిల్లీమీటర్లు, షాఫ్ట్ లావు అంతే. ఆ లెక్క తెలిసినవాడికి విప్పడమూ తెలిసే ఉంటుందనుకున్నాను. ఇంపెల్లర్ తీసి, షాఫ్ట్‌ని ఆ చివరి నుంచి సుత్తితో కొట్టాను. కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాను. పుల్లీ వైపు, తుప్పు కింద, బేరింగుని పట్టి ఉంచే సర్క్లిప్ దాక్కుని ఉంది. దాన్ని నేను తీయనేలేదు. అదీ, దాని గాడి అంచూ విరిగాయి. షాఫ్ట్ చివర పుట్టగొడుగులా విచ్చుకుంది, ఇక బేరింగులోంచి జారే వీల్లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన ముందు సర్క్లిప్ ముక్కలు ఏరి తీశాడు. గన్‌మెటల్ బాడీని వేడిచేశాడు. అది లోపలి ఉక్కుకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు వదులుతుంది. షాఫ్ట్ మెల్లగా బయటికొచ్చింది. విచ్చుకున్న చివరని లేత్ మీద సరిచేసి, బేరింగు లోపలి రింగు కింద రెండు పలకలు ఆనించి, ప్రెస్‌లో షాఫ్ట్‌ని కిందికి నొక్కాడు. కొత్తది ఎక్కించేటప్పుడూ లోపలి రింగు మీదే నొక్కాడు. "బయటి రింగు మీద కొడితే దెబ్బంతా గోళీల మీద పడుతుందయ్యా, కొత్త బేరింగు అప్పుడే పాతదైపోతుంది" అన్నాడు. సీలు కూడా మార్చాడు. సీలు మార్చకుండా బేరింగు ఒక్కటే వేస్తే మళ్లీ ఇదే కథ.

బాడీని తిప్పి చూసి, "ఈ కన్నం ఎవరు మూశారు?" అని అడిగాడు.

"నేనే బాబాయ్."

ఆయన ఏమీ అనకుండా సన్నటి డ్రిల్లు బిట్‌తో దాన్ని తెరిచాడు. అయినా గాడి విరిగిన ఆ బాడీ ఇక పనికిరాదన్నాడు, కొత్తది కొన్నాను.

ఆ వేట పోయినందుకు బోటులోవాళ్లకి వాటా లెక్కగట్టి ఇచ్చాను. పంపు దానంతటదే పాడైందని వాళ్లు అనుకున్నారు, నేను కాదనలేదు. డ్రైవర్ చెప్పింది నేను వినలేదని వాళ్లకి తెలుసు. ఆ కన్నాన్ని నా చేత్తో మూశానన్నది మాత్రం తెలియదు. ఈ కాగితం ముందు వాళ్లకే చదివి వినిపిస్తాను.