నేను కూనపులివారి పటాన్ని

నేను చేర్యాలలో పుట్టాను. అప్పుడది వరంగల్ జిల్లా. 2016 నుంచి సిద్దిపేట జిల్లా. మూడడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉంటాను. నా ఒంటినిండా నేతపనివారైన పద్మశాలీల కులకథ. దాన్ని పాడే హక్కు, పద్మశాలీలను ఆశ్రయించి బతికే కూనపులివారిది.

సాలెమగ్గం మీద నేసిన నూలుగుడ్డే నా దేహం. బొమ్మలు రాసే నకాషీవారు చింతగింజల అంబలి, సుద్దమట్టి, తిరుమాని బంక కలిపి పూత మీద పూత పూశారు. ఆరాక ఉడుత వెంట్రుకల కుంచెతో బొమ్మలు రాశారు. నేపథ్యమంతా ఇంగిలీకపు ఎరుపు. దాని మీద మార్కండేయుడు, పులినెక్కిన భావనాఋషి, సూర్యుని కూతురు భద్రావతి, రాక్షసుడు కాలవాసురుడితో యుద్ధం వరసలు వరసలుగా దిగాయి. అడుగున 101 గోత్రాలకు మూలపురుషులైన భావనాఋషి కొడుకులు.

ఊళ్ళో సాలెవాడలో రెండు గుంజలు పాతి నన్ను కట్టేవారు. మద్దెల మోగేది. కథకుడు కర్రతో ఒక్కో బొమ్మనూ చూపుతూ పాడుతుంటే, పక్కవాళ్ళు వంత పలికేవారు. రోజుకు కొన్ని వరసల చొప్పున కథ రాత్రుల తరబడి సాగేది. కర్ర తగిలి తగిలి భద్రావతి భుజం మీద రంగు రాలిపోయి, కింది సుద్ద బయటపడింది. ఆ మచ్చే నాకు గర్వం. ఎన్ని ఇళ్ళవాళ్ళు తాము ఎవరో ఆ కర్ర కొస నుంచి తెలుసుకున్నారో!

తర్వాత మిల్లుబట్ట వచ్చింది, మరమగ్గం వచ్చింది. చేతిమగ్గాల గుంటలు పూడిపోయాయి. సాలెలు బతుకుదెరువుకు షోలాపూర్, భివండి, సూరత్ వెళ్ళారు. కూనపులివారు అడిగేది పద్మశాలీలనే; ఇంకో కులం గడప తొక్కి చెయ్యి చాచరు. వాడ ఖాళీ అయితే వాళ్ళ పొయ్యీ చల్లారుతుంది. నన్ను పాడిన ముసలాయన కొడుకులు వేరే పనుల్లో కుదిరారు. ఆఖరికి ఆయన నన్ను అమ్మేశాడు. ఇప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాను. చెదలు పట్టకుండా, వాన తగలకుండా చూస్తున్నారు. వాళ్ళకు నా నమస్కారం.

కానీ మా ఆచారం వేరు. పటం పాతబడితే దాన్ని ముందు పెట్టుకుని కొత్తది రాయించేవారు. కొత్తదానికి పూజ చేశాక, పాతదానికి మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో కలిపేవారు. నేనూ అలా ఒక తల్లిపటం తర్వాత వచ్చినదాన్నే. ఒక్క గుడ్డను వందేళ్ళు దాచాలని మా పెద్దలు ఎన్నడూ పట్టుబట్టలేదు. కథ చేతినుంచి చేతికి, గొంతునుంచి గొంతుకు అందితే చాలనుకున్నారు. నా తర్వాత ఆ వరస తెగింది. నా దిగులంతా అదే.

మొన్న ఒక కుటుంబం వచ్చింది. భివండి నుంచట. పిల్లాడు అద్దానికి ముక్కు ఆనించి, "తాతా, పులి మీద ఉన్నదెవరు?" అన్నాడు. "మనోళ్ళే బిడ్డా" అన్నాడు తాత. ఆపైన ఆయనకూ తెలియదు. చెప్పేందుకు పక్కన కూనపులి లేడు. బొమ్మ ఉంది, చూసేవాడు ఉన్నాడు, మధ్యలో ఉండాల్సిన పాట లేదు.

చేర్యాలలో కుంచె పట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. మాస్కులు, గోడకు వేలాడే చిన్న బొమ్మలు అమ్ముకుని బతుకుతున్నాయి. నన్ను చూపించి వాళ్ళచేత పూర్తి పొడవు పటం రాయించండి. పాట గుర్తున్న కూనపులి ముసలివాళ్ళను వెతికి పిలవండి. షోలాపూర్‌లోనో భివండిలోనో మార్కండేయుని గుడి ముందు కథ చెప్పించండి. వాళ్ళకు సంభావన ముట్టజెప్పండి. పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి వంతపాట నేర్పించండి. అది జరిగిననాడు నన్ను గోదావరిలో కలిపేసినా నాకు సమ్మతమే.